ఆకాశంలో అంగడి

బేసి సంవత్సరాలలో పారిస్ చెంత లె బూర్జేలో, సరి సంవత్సరాలలో లండన్ సమీపాన ఫార్న్‌బరోలో జరిగే అంతర్జాతీయ విమాన ప్రదర్శనల వేళ వార్తాసంస్థలు పంపే ఛాయాచిత్రాలలో ఒకటి తప్పనిసరిగా ఉంటుంది. వందలాది మంది ప్రయాణికులను మోయవలసిన భారీ విమానం ముక్కును నింగికెత్తి, రన్‌వేను వదలిన మరుక్షణంలోనే బాణంలా దూసుకుపోతున్న దృశ్యమది. కింద జనం నోరు వెళ్లబెట్టి చూస్తుంటారు. అతిథుల గుడారాలలో కొనుగోలు ఒప్పందాలపై సంతకాలు సాగుతుంటాయి. 2015 పారిస్ ప్రదర్శనకు ముందు బోయింగ్ సంస్థ విడుదల చేసిన 787-9 విమానం వీడియోను ప్రపంచవ్యాప్తంగా లక్షలాది మంది చూశారు. ఆ విమానం నిటారుగా లేచిందని చాలామంది నమ్మారు. వాస్తవానికి అది నిటారుగా లేవలేదు. కెమెరా ఉన్న స్థానం వల్ల ఆ కోణం అలా కనిపించింది. అయితే సాధారణ ప్రయాణంలో ఎన్నడూ చూడనంత ఏటవాలుగా లేచిన మాట మాత్రం నిజం.

ఈ విన్యాసం అద్భుతమేనా? అద్భుతమైతే దాని వల్ల ప్రయాణికుడికి ఒనగూడేదేమిటి? ప్రపంచంలో అత్యధిక సంఖ్యలో విమానాలు కొనుగోలు చేస్తున్న దేశాలలో మనది ఒకటి. 2023 జూన్‌లో పారిస్‌లోనే ఇండిగో సంస్థ ఒకేసారి 500 ఎయిర్‌బస్ విమానాలకు ఆర్డరు ఇచ్చింది. అదే వేదికపై ఎయిర్ ఇండియా 470 విమానాల కొనుగోలు ఒప్పందాలను ఖరారు చేసింది. కనుక ఈ ప్రశ్నలు విమానాలంటే మక్కువగల కొద్దిమందికే పరిమితమైనవి కావు. టిక్కెట్టు కొనే ప్రతి పౌరుడికీ వీటితో సంబంధం ఉంది.

ముందుగా ఇందులోని లెక్కను తెలుసుకోవడం అవసరం. 787-9 విమానం గరిష్ఠంగా సుమారు 254 టన్నుల బరువుతో నేల వదలగలదు. అందులో వంద టన్నుల వరకు ఇంధనమే ఉండవచ్చు. దాని రెండు ఇంజన్లు కలిసి సుమారు 65 టన్నుల చోదకశక్తిని ఇస్తాయి. ప్రదర్శనలో పాల్గొనే విమానంలో ప్రయాణికులుండరు, సరకులుండవు, ఇంధనం కూడా కొద్ది నిమిషాల విన్యాసానికి సరిపోయేంతే ఉంటుంది. అప్పుడు మొత్తం బరువు సుమారు 150 టన్నులకు మించదు. నిండు బరువులో నాలుగో వంతుకు సమానమైన శక్తి, ఖాళీ విమానం బరువులో నలభై శాతం దాటుతుంది. గాలి నిరోధాన్ని ఎదుర్కొనగా మిగిలిన శక్తే విమానాన్ని పైకి ఎత్తుతుంది. ఆ మిగులు పెరిగిన కొద్దీ ఆరోహణ కోణం పెరుగుతుంది. నిండుగా బస్తాలు వేసిన ఎడ్లబండికీ, ఖాళీ బండికీ గట్టు ఎక్కడంలో ఎంత తేడా ఉంటుందో ఇక్కడా అంతే తేడా. పైగా రోజువారీ సర్వీసులలో ఇంజన్లపై భారం తగ్గించి వాటి ఆయుష్షును కాపాడేందుకు విమానయాన సంస్థలు చాలా సందర్భాలలో పూర్తి శక్తిని వాడనే వాడవు. ప్రదర్శనలో పూర్తి శక్తి వాడతారు. కనుక ప్రేక్షకుడు చూసేది ఆ విమానపు నిత్యజీవితాన్ని కాదు, దాని పండుగ వేషాన్ని.

రెండు ఇంజన్ల విమానాలు ప్రదర్శనలలో మరింత జోరుగా లేవడానికి ఇంకొక కారణం ఉంది. టేకాఫ్ సమయంలో ఒక ఇంజన్ ఆగిపోయినా రెండవదానితో సురక్షితంగా పైకి వెళ్లగలగాలని అంతర్జాతీయ నిబంధనలు నిర్దేశిస్తున్నాయి. చక్రాలు ముడుచుకున్న తర్వాతి దశలో అలాంటి విమానం కనీసం 2.4 శాతం వాలున, అంటే ప్రతి వంద మీటర్ల ముందడుగుకు 2.4 మీటర్ల చొప్పున, ఎత్తు అందుకోగలగాలి. ఒక్క ఇంజన్‌తోనే ఈ పని చేయగల విమానానికి రెండు ఇంజన్లూ పనిచేస్తున్నప్పుడు మిగులు శక్తి పుష్కలంగా ఉంటుంది. ఈ 2.4 శాతం ఆరోహణ కంటికి ఇంపుగా ఉండదు. దానిని చూడడానికి ఎవరూ గుడారాలు వేసుకుని కూర్చోరు. కాని నడివేసవి మధ్యాహ్నం, వేడికి గాలి పలుచబడి ఇంజన్ల శక్తి తగ్గిన వేళ, నిండు విమానంలో కూర్చున్న ప్రయాణికుడి ప్రాణాలను కాపాడేది ఆ చిన్న సంఖ్యే.

విన్యాసాలతో విమానాలు అమ్మే సంప్రదాయం కొత్తది కాదు. 1955 ఆగస్టులో అమెరికాలోని సియాటిల్ నగరంలో పడవ పందేలు చూడవచ్చిన జనసందోహం ఎదుట బోయింగ్ టెస్ట్ పైలట్ టెక్స్ జాన్‌స్టన్ నాలుగు ఇంజన్ల నమూనా జెట్ విమానాన్ని గాలిలో పొర్లించాడు. అదీ ఒకసారి కాదు, రెండుసార్లు. సంస్థ అధ్యక్షుడు బిల్ ఆలెన్ దిగ్భ్రాంతి చెంది సంజాయిషీ అడిగితే, విమానాలు అమ్ముతున్నానని జాన్‌స్టన్ బదులిచ్చినట్లు చెబుతారు. మరోసారి అలా చేయవద్దని ఆలెన్ ఆదేశించాడు. ఈ ఉదంతాన్ని చాలామంది ముచ్చటగా చెప్పుకుంటారు. దాని తరువాయి మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు. అదే ఏడాది అక్టోబరులో పాన్ అమెరికన్ సంస్థ జెట్ విమానాలకు ఆర్డర్లు ఇచ్చినప్పుడు బోయింగ్ 707లు 20 మాత్రమే తీసుకుని, ప్రత్యర్థి డగ్లస్ సంస్థ నుంచి డి.సి.-8లు 25 కోరింది. అప్పటికి డి.సి.-8 కాగితం మీద మాత్రమే ఉంది. అది తొలిసారి ఎగిరింది 1958లో! కళ్లెదుట పల్టీలు కొట్టిన విమానం కంటే ఇంకా పుట్టని విమానానికే పెద్ద వాటా దక్కింది. కొనుగోలుదారు లెక్క చూశాడే తప్ప విన్యాసం చూడలేదని ఇంతకంటే స్పష్టంగా చెప్పనవసరం లేదు.

నేడు పరిస్థితి ఇంకా తేటతెల్లం. ఎయిర్ ఇండియా 470 విమానాల కొనుగోలు వివరాలు 2023 ఫిబ్రవరిలోనే వెల్లడయ్యాయి. జూన్‌లో పారిస్‌లో జరిగింది సంతకాల లాంఛనం. నిశ్చితార్థం ముందే ముగిసింది, ప్రదర్శనలో జరిగింది విందు మాత్రమే. ఇంధన వినియోగం, నిర్వహణ వ్యయం, సరఫరా గడువు, రుణ సదుపాయం, విడిభాగాల లభ్యత వంటి అంశాలపై నెలల తరబడి బేరసారాలు సాగుతాయి. ఒప్పందాన్ని నిర్ణయించేవి అవే. గాలిలో ఐదారు నిమిషాల ప్రదర్శన వల్ల వీటిలో ఒక్క అంకె కూడా మారదు. ఇంత స్వల్ప ప్రయోజనం కోసం చెల్లించిన మూల్యం మాత్రం స్వల్పం కాదు.

1973 జూన్ 3న లె బూర్జేలో సోవియట్ యూనియన్‌కు చెందిన టుపొలెవ్-144 సూపర్‌సోనిక్ విమానం కూలిపోయింది. ఆ రోజు ఆంగ్లో-ఫ్రెంచ్ కాన్‌కార్డ్ కూడా అదే ఆకాశంలో విన్యాసాలు చేసింది. రెండు విమానాల మధ్య, వాటి వెనుక రెండు రాజకీయ శిబిరాల మధ్య పోటీ ఉధృతంగా సాగుతున్న కాలమది. ఏటవాలుగా పైకి లేచిన టుపొలెవ్ అదుపు తప్పి తలకిందులుగా దిగి, ముక్కలై గూసెన్‌విల్ పట్టణంపై పడింది. విమానంలోని ఆరుగురితో పాటు, ప్రదర్శనతో ఏ సంబంధమూ లేక తమ ఊళ్లో తామున్న ఎనిమిది మంది కూడా మృత్యువాత పడ్డారు. చివరకు ఆ విమానం ప్రయాణికులతో తిరిగింది 1977 నవంబరు నుంచి 1978 జూన్ వరకు మాత్రమే. ఏ ప్రతిష్ఠ కోసం అన్ని ప్రాణాలు పణంగా పెట్టారో, ఆ ప్రతిష్ఠ ఏడాదైనా నిలవలేదు.

1988 జూన్ 26న ఫ్రాన్స్‌లోని హాబ్‌షీమ్ వద్ద జరిగిన ప్రమాదం మరీ విచారకరమైనది. కంప్యూటర్ల నియంత్రణలో నడిచే సరికొత్త ఎయిర్‌బస్ ఎ-320 విమానాన్ని ఒక ఫ్లయింగ్ క్లబ్ ప్రదర్శనలో జనం ముందు తక్కువ ఎత్తున, తక్కువ వేగంతో నడిపి చూపాలని నిర్ణయించారు. ఎయిర్ ఫ్రాన్స్ చేతికి ఆ విమానం వచ్చి కొద్ది రోజులే అయింది. అందులో 136 మంది ఉన్నారు. పాత్రికేయులూ, లాటరీలో అవకాశం గెలుచుకున్నవారూ ప్రయాణికులు. విన్యాసం తర్వాత వారికి ఆల్ప్స్ పర్వతాలను చూపాలన్నది సంకల్పం. వంద అడుగుల ఎత్తున సాగవలసిన విమానం ముప్పయి అడుగులకు దిగిపోయింది. పైలట్లకు ఆ చిన్న మైదానంతో ముందుగా పరిచయం లేదు. చివరి క్షణాల్లో ఎదురుగా అడవి కనిపించింది. కనిష్ఠ స్థాయిలో ఉన్న ఇంజన్లు పూర్తి శక్తిని అందుకోవడానికి కొన్ని సెకన్లు కావాలి. ఆ సెకన్లు మిగలలేదు. విమానం చెట్లలోకి దూసుకుపోయి దగ్ధమైంది. ఇద్దరు పిల్లలు, ఒక మహిళ మరణించారు. 1997లో న్యాయస్థానం పైలట్లతో పాటు విమానసంస్థ అధికారులనూ, ఫ్లయింగ్ క్లబ్ అధ్యక్షుడినీ దోషులుగా తేల్చింది. తప్పు కాక్‌పిట్‌లో మాత్రమే లేదని, ఆ ప్రదర్శనను ఆమోదించిన కార్యాలయాలలోనూ ఉన్నదని ఈ తీర్పు చాటింది.

ఆ ప్రమాదం జరిగిన ఇరవై నెలలలోపే, 1990 ఫిబ్రవరి 14న, ఇండియన్ ఎయిర్‌లైన్స్‌కు చెందిన ఎ-320 బెంగళూరులో రన్‌వేకు చేరకముందే కూలి 92 మంది మరణించారు. అది ప్రదర్శన కాదు, మామూలు సర్వీసు. రెండు ప్రమాదాల పూర్వాపరాలు వేరు. అయినా రెండింటిలోనూ నేలకు చేరువగా ఇంజన్లు కనిష్ఠ శక్తిలో ఉండిపోయాయి, సమయానికి కోలుకోలేకపోయాయి. ప్రభుత్వం ఆ తరగతి విమానాలన్నింటినీ నెలల తరబడి నేలకే పరిమితం చేసింది. యంత్రం తనను తానే కాపాడుకుంటుందన్న భరోసా కలిగించడం హాబ్‌షీమ్ విన్యాసం వెనుక గల ఉద్దేశాలలో ఒకటి. యంత్రం ఎంతవరకు కాపాడుతుంది, ఎక్కడ పైలట్‌కు వదిలేస్తుంది అన్నదే పైలట్‌కైనా, ప్రయాణికుడికైనా తెలియవలసిన విషయం. విన్యాసాలు ఆ సరిహద్దును చూపవు. చూపబోయి దానిని దాటిన సందర్భాలే ఉన్నాయి.

1994 జూన్ 30న టూలూస్‌లో ఎయిర్‌బస్ ఎ-330 పరీక్షా విమానం టేకాఫ్ అయిన వెంటనే కూలిపోవడం ఇందుకు తార్కాణం. ఒక ఇంజన్ విఫలమైనట్లు నటిస్తూ, ఆటోపైలట్‌తో పైకి లేవడం ఆ పరీక్ష. నిర్దేశిత ఎత్తును అందుకునే యత్నంలో యంత్రం ముక్కును మరీ పైకెత్తింది. వేగం పడిపోయింది. ఆ దశలో ముక్కు కోణాన్ని అదుపులో ఉంచే రక్షణ ఆటోపైలట్‌కు లేదన్నది దర్యాప్తులో బయటపడింది. విమానంలోని ఏడుగురూ మరణించారు. వారిలో విమానాన్ని నడిపిన సీనియర్ టెస్ట్ పైలట్‌తో పాటు అతిథులుగా ఎక్కిన అలిటాలియా పైలట్లు ఇద్దరున్నారు. పరీక్ష వేరు, ప్రదర్శన వేరు. పరీక్షలో ప్రమాదం పొంచి ఉంటుందని అందరికీ తెలుసు, కనుక అవసరం లేనివారిని విమానంలోకి రానివ్వకూడదు. ప్రదర్శనలో ప్రమాదమే ఉండకూడదు, కనుక పరీక్షలకు అక్కడ తావుండకూడదు. ఈ రెండింటినీ కలగలిపినప్పుడే అతిథులు బలవుతారు.

అన్నింటికంటే ఘోరమైనది 2012 మే 9న ఇండోనేసియాలో జరిగింది. రష్యా తన కొత్త సుఖోయ్ సూపర్‌జెట్-100 విమానాన్ని ఆసియా దేశాలలో తిప్పుతూ జకార్తాకు తీసుకువచ్చింది. ఆ రోజు మొదటి ప్రదర్శన యాత్ర సజావుగా ముగిసింది. రెండవ యాత్రలో విమానయాన సంస్థల ప్రతినిధులు, పాత్రికేయులు, సిబ్బంది సహా 45 మంది ఎక్కారు. విమానం 6,000 అడుగులకు దిగి, మబ్బులు కమ్మిన సలాక్ పర్వతాన్ని ఢీకొన్నది. ఒక్కరూ మిగలలేదు. ఇండోనేసియా దర్యాప్తు సంఘం తేల్చిన విషయాలు ఎవరినైనా కలచివేస్తాయి. ఢీకొనడానికి 38 సెకన్ల ముందే కొండ దగ్గరలో ఉందని యంత్రం హెచ్చరించింది. తొలి హెచ్చరిక తర్వాత 24 సెకన్లలోగా స్పందించినా ప్రమాదం తప్పి ఉండేదని అనంతర పరీక్షలలో తేలింది. పైలట్లు ఆ హెచ్చరికను పరికరంలోని లోపంగా భావించారు. అంతకుముందు కాక్‌పిట్‌లో కూర్చున్న కాబోయే కొనుగోలుదారుతో జరిగిన సంభాషణ వారి దృష్టిని మళ్లించింది. విమానంలో లోపం లేదు. ప్రమాదాన్ని నివారించేందుకు అమర్చిన పరికరం తన పని తాను చేసింది. అయినా సరకును మెచ్చుకోలుగా వివరించే అమ్మకందారు పాత్ర, విమానాన్ని కాపాడే పైలట్ పాత్రను మింగివేసింది.

ఈ సందర్భంగా పత్రికారంగం కూడా ఆత్మవిమర్శ చేసుకోవలసి ఉంది. హాబ్‌షీమ్ విమానంలోనూ, సలాక్ పర్వతంపై కూలిన విమానంలోనూ పాత్రికేయులున్నారు. తయారీ సంస్థలు ఉచితంగా ఎక్కిస్తే ఎక్కడం, వారిచ్చిన ప్రకటనలోని విశేషణాలను యథాతథంగా అచ్చు వేయడం మన రంగానికి అలవాటైంది. నిటారుగా లేచిన విమానమని శీర్షిక పెట్టడానికి పట్టే సమయం కంటే, అప్పుడు దాని బరువెంత అని అడగడానికి ఎక్కువ సమయం పట్టదు. ఆ ఒక్క ప్రశ్న వేయనందువల్ల పాఠకుడికి చేరేది వార్త కాదు, ప్రకటన.

విన్యాసం చూపని విషయాలకు బోయింగ్ 737 మాక్స్ ఉదంతమే నిదర్శనం. ఆ తరగతి విమానాలు 2016లో ఫార్న్‌బరోలో, 2017లో పారిస్‌లో ప్రేక్షకులను అలరించాయి. 2018 అక్టోబరులో ఇండోనేసియాలో, 2019 మార్చిలో ఇథియోపియాలో రెండు విమానాలు కూలి 346 మంది మరణించారు. ఒకే ఒక్క సెన్సర్ ఇచ్చే తప్పుడు సమాచారంతో విమానం ముక్కును పదే పదే కిందికి నెట్టే వ్యవస్థ అందులో ఉన్నదని, దాని గురించి పైలట్లకు తగినంతగా తెలియజేయలేదని ఆ తర్వాతనే లోకానికి తెలిసింది. ఏ ప్రదర్శన మైదానంలోనూ ఆ లోపం కనిపించలేదు. కనిపించే అవకాశమూ లేదు. అది బయటపడవలసింది ధ్రువీకరణ అధికారుల బల్లపై, దస్త్రాల పరిశీలనలో. ప్రజలు భరోసా పెట్టుకోవలసింది ఆ పరిశీలన మీదనే.

ఇంత మాత్రాన ప్రదర్శనలన్నింటినీ నిషేధించాలని వాదించడం సమంజసం కాదు. పారిస్, ఫార్న్‌బరో వంటి చోట్ల పాల్గొనే ప్రతి పైలట్ తన విన్యాసక్రమాన్ని ముందుగానే నిపుణుల సంఘం ఎదుట ఎగిరి చూపి ఆమోదం పొందాలి. విన్యాసాలు తయారీ సంస్థల టెస్ట్ పైలట్ల చేతిలోనే, విమానం తట్టుకోగల భారాల పరిమితిలోనే జరుగుతాయి. చిన్నపిల్లల్లో ఇంజనీరింగ్ పట్ల ఆసక్తి రేకెత్తించడంలో ఈ ప్రదర్శనలకు పాత్ర ఉన్నమాట కాదనలేము. గతానుభవాలు నేర్పిన క్రమశిక్షణ ఇది. కాని క్రమశిక్షణ సడలిన చోట ఏమవుతుందో మన హైదరాబాద్ నగరమే చూసింది.

2010 మార్చి 3న బేగంపేట విమానాశ్రయంలో పౌర విమానయాన ప్రదర్శన ప్రారంభమైన రోజునే నౌకాదళ విన్యాస బృందం సాగర్ పవన్‌కు చెందిన కిరణ్ విమానం బోయిన్‌పల్లిలోని ఒక భవనంపై కూలి ఇద్దరు పైలట్లు మరణించారు. 2019 ఫిబ్రవరిలో బెంగళూరు ఏరో ఇండియాకు ముందు రిహార్సల్‌లో సూర్యకిరణ్ బృందం విమానాలు రెండు ఢీకొని ఒక పైలట్ ప్రాణాలు కోల్పోయాడు. 2025 నవంబరులో దుబాయ్ ప్రదర్శనలో మన తేజస్ యుద్ధవిమానం కూలి పైలట్ మరణించాడు. ఇవి సైనిక విమానాలు, ప్రయాణికుల విమానాలు కావు. వీటిని ఒకే గాటన కట్టడం తగదు. అయితే కింద ఉన్న ఇల్లు, ఇంట్లో ఉన్న మనిషి మాత్రం అన్ని సందర్భాలలోనూ ఒకటే. చుట్టూ జనావాసాలు కిక్కిరిసిన బేగంపేటలో వింగ్స్ ఇండియా పేరిట ప్రదర్శనలు జరుగుతున్న నేపథ్యంలో ఈ విషయాన్ని విస్మరించరాదు.

ప్రభుత్వం, పౌర విమానయాన నియంత్రణ సంస్థ డి.జి.సి.ఎ. కొన్ని నియమాలను రాజీ లేకుండా అమలు జరపాలి. విన్యాసాలు చేసే ఏ విమానంలోనూ అనివార్యమైన సిబ్బంది తప్ప మరొకరు ఉండరాదు. కొనుగోలుదారు ప్రతినిధి అయినా, మంత్రి అయినా, పాత్రికేయుడైనా ఈ నియమానికి మినహాయింపు ఉండకూడదు. అతిథులను ఎక్కించుకునే యాత్రలు సాధారణ సర్వీసులకు వర్తించే కనీస ఎత్తు, వాతావరణ నియమాలకు లోబడి సాగాలి, ఆ సమయంలో కాక్‌పిట్ తలుపు అతిథులకు మూసి ఉండాలి. నివాసప్రాంతాలపై విన్యాసాలకు అనుమతి ఇవ్వకూడదు. అలా వీలుపడని మైదానంలో విమానాలను నేలపైనే నిలిపి చూపడం మేలు. ఎగిరే ప్రతి విమానం బరువెంతో, నిండు బరువుతో పోలిస్తే అది ఎంత తక్కువో ప్రేక్షకులకు ప్రకటించాలి. ఆ ఒక్క వాక్యంతో ప్రదర్శన గౌరవం తగ్గదు, ప్రజల అవగాహన మాత్రం పెరుగుతుంది.

2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిర్ ఇండియా 787-8 విమానం టేకాఫ్ అయిన కొద్ది క్షణాలకే కూలి విమానంలోని 241 మంది, నేలపై ఉన్న మరో 19 మంది మరణించారు. నాలుగు రోజుల తర్వాత మొదలైన పారిస్ ప్రదర్శనకు బోయింగ్ అధిపతి తన ప్రయాణాన్ని రద్దు చేసుకున్నారు. ఆ దుర్ఘటనను ప్రదర్శనలతో ముడిపెట్టడం అన్యాయం. కాని అంతటి విషాదం ఎదుట ఉత్సవం తగదని అమ్మకందారే గ్రహించిన ఆ వేళ, కొనుగోలుదారు గ్రహించవలసినది కూడా ఒకటున్నది. విమానం ఎంత ఏటవాలుగా లేవగలదన్నది ప్రయాణికుడి ప్రశ్న కానే కాదు. ఒక ఇంజన్ ఆగితే, ఒక పరికరం తప్పు చెబితే, పైలట్ పొరబడితే అది తనను క్షేమంగా నేలకు దించగలదా అన్నదే అతడి ప్రశ్న. దీనికి సమాధానం ధ్రువీకరణ పత్రాలలో, పైలట్ల శిక్షణలో, దర్యాప్తు నివేదికలలో ఉంటుంది. వందల సంఖ్యలో విమానాలు కొంటున్న దేశం ఆ సమాధానాన్ని గట్టిగా అడిగి, దానిని ప్రజల ముందు ఉంచాలి.